అక్షరాభ్యాసం తరువాత

వసంత పంచమి నాడో, విజయదశమి నాడో, లేదా ఇంటి పురోహితుడు నిర్ణయించిన మరొక శుభదినాన్నో తెలుగువారి ఇళ్ళలో ఒక చిన్న వేడుక జరుగుతుంది. పళ్ళెంలో బియ్యం పరుస్తారు. తండ్రి ఒడిలో కూర్చున్న బిడ్డ చూపుడువేలును పెద్దలు తమ చేతిలోకి తీసుకొని ఆ బియ్యం మీద తొలి అక్షరాలు రాయిస్తారు. చుట్టుపక్కల పిల్లలకు పలకలు, బలపాలు పంచిపెడతారు. తెలంగాణలో ఎన్నో కుటుంబాలు ఇందుకోసం గోదావరి తీరాన ఉన్న బాసరకు వెళతాయి. అంత దూరం పోలేనివారు వర్గల్‌లోని సరస్వతీ ఆలయానికి వెళతారు. గంటలోపల ముగిసిపోయే ఈ వేడుకకు పూర్వులు పెట్టిన పేరు అక్షరాభ్యాసం.

ఈ పేరును కొంచెం నిదానించి పరిశీలించాలి. అభ్యాసమంటే ఒక పనిని మళ్ళీ మళ్ళీ చేయడం. ఒక్కనాడు చేసి విడిచిపెట్టినది అభ్యాసం కాదు. పతంజలి యోగసూత్రాలలో అభ్యాసం గట్టిపడడానికి మూడు నియమాలు కనిపిస్తాయి. చాలాకాలం చేయాలి, నడుమ తెగకుండా చేయాలి, ఆదరంతో చేయాలి. మొదటి రెండూ అందరికీ తెలిసినవే. మూడవదానిని మాత్రం పెద్దలు తరచు మరచిపోతారు. వేడుకనాడు బిడ్డ పట్ల చూపిన ఆదరం మరునాటి సాయంత్రానికే కసురుగా మారితే, అక్షరం మిగిలినా అభ్యాసం మిగలదు.

తెలుగులో ‘అలవాటు’ అనే మాట కూడా ఇటువంటి విషయాన్నే చెబుతుంది. దీనికి మూలం ‘అలవడు’ అనే క్రియ. ఇది అకర్మక క్రియ. పని తనంతట తాను మనిషికి అలవడుతుంది. మరొకరు పూనుకొని చేయించినప్పుడు ‘అలవరచు’ అంటారు. పసిపిల్లల చదువు విషయంలో పెద్దలు చేయగలిగినదంతా ఈ రెండు క్రియల నడుమనే ఉంది. అలవరచడం మొదలుపెట్టేది పెద్దలు. అది ఏనాడు అలవడిందో బిడ్డకు సైతం తెలియదు.

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారి మీద, సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, నల్లగొండ జిల్లా నకిరేకల్ పట్టణం ఉంది. చుట్టూ వరి, పత్తి చేలు, బత్తాయి, నిమ్మ తోటలు. నిమ్మకాయల వ్యాపారానికి ఈ ఊరు పేరు పొందింది. ఇక్కడి సాధారణ కుటుంబంలో తండ్రి తెల్లవారకముందే తోటకో, మార్కెట్‌కో, ఆటో నడపడానికో బయలుదేరుతాడు. తల్లి పొద్దెక్కకముందే వంట ముగించి కూలికి పోతుంది. ఇద్దరూ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చదవనూ రాయనూ వచ్చిన స్త్రీలు సగానికి కొంచెం ఎక్కువ మంది మాత్రమే. అంటే, నేడు బడికి పోతున్న పిల్లలలో ఎందరికో ఇంట్లో నాయనమ్మకు గాని, ఒక్కొక్కచోట తల్లికి గాని అక్షరాలు రావు. ‘పిల్లలను ఇంట్లో చదివించండి’ అని ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు ఆ తల్లి తలవంచుకుంటుంది. తనకు రానిదానిని తాను ఎట్లా చదివించాలి?

ఈ ప్రశ్న చిన్నది కాదు. మొదటి రెండు, మూడు తరగతులలో కూడబలుక్కొని చదవడం రాని బిడ్డకు ఆ తరువాతి తరగతులలో ప్రతి పుస్తకమూ మూసిన తలుపే. లెక్కల ప్రశ్న అర్థం కావాలన్నా ముందు దానిని చదవాలి గదా! అట్లా వెనుకబడిన బిడ్డ బడిలో గొడవ చేయదు. వెనుక వరుసలో మౌనంగా కూర్చుంటుంది. కొన్నేళ్ళకు అంతే మౌనంగా బడి మానుకుంటుంది. ఎవరూ పొమ్మని చెప్పరు, ఎవరూ అడ్డుకోరు. దీనిని తప్పించడానికి పుష్కలంగా డబ్బో, పెద్ద చదువో ఇంట్లో ఉండాలని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు.

పూర్వపు వీధిబడులను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. 1823లో బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ తన జిల్లాలోని బడులను గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పటి బళ్ళారి జిల్లాలోనిదే. కాబట్టి అందులో తెలుగు బడుల ముచ్చట కూడా ఉంది. తెలుగు భాషకు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ ఇతడే. తన జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క చెప్పాడు. అయిదేళ్ళు వచ్చిన పిల్లవాణ్ణి గణపతి ప్రతిమ ఎదుట కూర్చోబెట్టి, బియ్యంలో వేలితో రాయించడంతో చదువు మొదలయ్యేదని వివరించాడు. ఆ పైన ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. దిద్దుతున్న అక్షరాన్ని పైకి పలికేవారు. పై తరగతి పిల్లలు కింది తరగతి పిల్లలకు నేర్పేవారు.

ఆ నివేదికలో ఒక వింత ఆచారం కూడా ఉంది. ఉదయం బడికి అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవానికి సున్న చుట్టేవారు. వానికి మెప్పు లేదు, తప్పు లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ. నాలుగవవానికి రెండు. ఆ పైన వచ్చిన ప్రతివానికీ ఒక్కొక్క దెబ్బ పెరుగుతూ పోయేది. వేళకు రావడమనే అలవాటును పిల్లలలో నాటడానికి ఆనాటి పంతుళ్ళు ఎంచుకున్న మార్గమిది. అరచేతిలో సరస్వతి పేరు చూసుకొని మురిసిపోయిన పసివాణ్ణి తలచుకుంటే ముచ్చట కలుగుతుంది. వరుసలో చివర నిలబడిన పసివాణ్ణి తలచుకున్నప్పుడు ఆ ముచ్చట నిలవదు. ఎంత తొందరగా వచ్చినా ఎవరో ఒకరు చివర నిలబడక తప్పదు గదా!

ఆ బడుల లోపాలను కాంప్‌బెల్ దాచలేదు. పిల్లలు వల్లె వేసే పద్యాల అర్థం వారికే కాదు, ఒక్కొక్కసారి చెప్పే పంతులుకు కూడా తెలియదని ఆయన విమర్శించాడు. బడి ముఖం చూసిన బాలికలు బహు కొద్దిమంది. బీదవారి పిల్లలు, లేత చేతులకు ఏ కొంచెం పని చేసే శక్తి వచ్చినా తల్లిదండ్రులకు సాయపడవలసి వస్తుందని కూడా రాశాడు. 200 ఏళ్ళు గడిచాయి. పత్తి తీసే కాలంలో బడి హాజరు పట్టీలను చూసిన ఉపాధ్యాయులకు ఈ మాట కొత్తగా తోచదు.

అయినా ఆ బడులు తెలుసుకున్న ఒక రహస్యాన్ని లోకం గ్రహించింది. మద్రాసులోని అనాథ బాలుర పాఠశాలలో పనిచేసిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు, ఇసుకలో రాయించడం, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించడం అనే ఈ పద్ధతులను తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో లండన్‌లో వాటిని గురించి పుస్తకం ప్రచురించాడు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. మన అరుగుల మీది ఇసుక అంత దూరం ప్రయాణించింది.

ఈ పద్ధతిలో ఇమిడి ఉన్న మర్మం తెలిస్తే ఇంట్లో దానిని ఎట్లా వాడుకోవాలో కూడా తెలుస్తుంది. నాలుగైదేళ్ళ బిడ్డ వేళ్ళకు పెన్సిలును అదుపులో పెట్టుకొనేంత పట్టు ఇంకా రాదు. సన్నని గీతల నడుమ చిన్న అక్షరం రాయమంటే చేయి నొప్పి పెడుతుంది, మనసు విసుగుతుంది. ఇసుకలోనైతే చేయి మొత్తం కదిపి పెద్ద అక్షరం రాయవచ్చు. తప్పు పోతే అరచేత్తో చెరిపివేయవచ్చు. తప్పు చేసిన గుర్తు మిగలదు. ఇసుకకు గల ఈ క్షమాగుణం నోటుపుస్తకానికి లేదు. పైకి పలుకుతూ రాసినప్పుడు కన్ను, చెవి, నోరు, వేలు నాలుగూ ఒకే అక్షరాన్ని పట్టుకుంటాయి. ఇక తన చెల్లెలికి నేర్పే బిడ్డ తనకు తెలియకుండానే తన పాఠాన్ని మరొకసారి చదువుకుంటుంది. ఇందులో దేనికీ ఖర్చు లేదు. నకిరేకల్‌లో ఇల్లు కట్టుకుంటున్న ఏ వాకిలి ముందు చూసినా ఇసుక కనిపిస్తుంది. అందులో ఆడుకొనే పిల్లలను కసిరి కొట్టి, లోపల కూర్చోబెట్టి, కాపీ పుస్తకంలో పది వరుసలు రాయించే తల్లిదండ్రులు తాము ఏమి లాగివేసుకున్నారో గమనించరు.

ఇంట్లో చదువుకు ఒక వేళ, ఒక చోటు ఉండాలి. ప్రత్యేకమైన గది అవసరం లేదు. వాకిట్లోనో, నడింట్లోనో ఒక చాప, దానికి వెలుతురు పడే ఒక మూల, పలక, పుస్తకాలు పెట్టుకోవడానికి ఒక రేకు పెట్టె చాలు. వేళను గడియారంతో కాక ఇంట్లో నిత్యం జరిగే మరొక పనితో ముడిపెట్టడం తేలిక. సంధ్యాదీపం పెట్టిన తరువాత, బర్రె పాలు పిండి వచ్చిన తరువాత, పొయ్యి మీద ఎసరు పెట్టిన తరువాత అని బిడ్డకు గుర్తు ఉండాలి. ఆ పని జరగగానే చాప పరచుకోవాలని బిడ్డకే తోచుతుంది. 2010లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలించి, ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి మనిషిని బట్టి 18 నుండి 254 రోజులు పడుతుందని, మధ్యస్థంగా 66 రోజులని ప్రకటించింది. అది పెద్దవారి మీద జరిగిన పరిశీలన. పిల్లలకు అచ్చంగా అన్వయిస్తుందని చెప్పలేము. అయినా వారం రోజులు ప్రయత్నించి ‘వీనికి చదువు అబ్బదు’ అని తీర్పు చెప్పే తండ్రులు వినదగిన మాట అందులో ఉంది. నడుమ ఒక రోజు తప్పిపోయినా అలవాటు చెడిపోదని కూడా ఆ పరిశీలనలో తేలింది. జాతర వచ్చినా, జ్వరం వచ్చినా, పత్తి చేనులో పొద్దుపోయి తల్లి ఆలస్యంగా వచ్చినా ఆ రోజును వదిలివేసి మరునాడు యథాప్రకారం చాప పరచుకోవచ్చు. తప్పిన రోజుకు వడ్డీ వసూలు చేయరాదు.

మొదటి తరగతి బిడ్డకు పదిహేను నిమిషాలు ధారాళంగా చాలు. ట్యూషన్‌లో రెండు గంటలు కూర్చోబెట్టినంత మాత్రాన చదువు రెండు గంటలపాటు సాగిందని అనుకోవడం భ్రమ.

ఇక అక్షరం రాని తల్లి సంగతి. ఆమె చేయగలిగిన పని ఒకటుంది. అది చదివించడం కంటె తక్కువది కాదు. అది వినడం. బడి నుండి వచ్చిన బిడ్డను ‘ఈ రోజు ఏం చెప్పిన్రు బిడ్డా? నాకు గూడ చెప్పు’ అని అడగాలి. బియ్యంలో రాళ్ళు ఏరుతూ అడగవచ్చు. చిక్కుడుకాయలు తుంచుతూ అడగవచ్చు. బిడ్డ చెప్పేటప్పుడు తన మాటలలో ఆ పాఠాన్ని మళ్ళీ కూర్చుకోవలసి వస్తుంది. మరచిపోయిన చోట తానే ఆగుతుంది, తలగోక్కుంటుంది, పుస్తకం తెరచి చూస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థుల మీద జరిపిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారికంటె, పుస్తకం మూసి జ్ఞాపకం తెచ్చుకొని చెప్పినవారికి వారం రోజుల తరువాత ఎక్కువ గుర్తున్నదని వెల్లడయింది. తల్లికి చదువు వచ్చి ఉంటే ఒక్కొక్కసారి బిడ్డ ఆగిన వెంటనే తానే అందించివేస్తుంది. రాని తల్లి అందించలేదు, వేచి ఉంటుంది. ఈ ఒక్క చోట ఆమె లోటే బిడ్డకు లాభమవుతుంది.

పోతన భాగవతం సప్తమ స్కంధంలో ఇట్లా అడిగిన ఒక తండ్రి కనిపిస్తాడు. శుక్రాచార్యుని కుమారులైన చండామార్కుల వద్ద చదువుకొని వచ్చిన ప్రహ్లాదుణ్ణి హిరణ్యకశిపుడు ఒడిలో కూర్చోబెట్టుకుంటాడు. నేర్చినదానిలో ఏదైనా ఒకటి చెప్పమని ముచ్చటగా అడుగుతాడు. ఇంతవరకు అతడు ఆదర్శ పిత. కొడుకు చెప్పినది తాను కోరుకున్నది కాకపోయేసరికి మండిపడతాడు. ఆ తరువాతి కథ లోకవిదితం. పిల్లలను ‘ఏం నేర్చుకున్నావు’ అని అడిగి, వచ్చిన జవాబుకు కోపగించుకొనే తండ్రులు రాక్షసకులంలోనే ఉన్నారని అనుకోరాదు. రెండు మూడుసార్లు అట్లా జరిగిన తరువాత బిడ్డ ‘ఏం చెప్పలె’ అనే ఒక్క మాటతో తప్పించుకోవడం అలవాటు చేసుకుంటుంది. అదీ అలవాటే.

ఇంటి భాష గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 విద్యాసంవత్సరం నుండి ఆంగ్ల మాధ్యమం విస్తరించింది. పుస్తకంలో ఒకవైపు ఆంగ్లం, ఒకవైపు తెలుగు ఉన్నా, బడి మాట ఇంటికి దూరమైందన్న బెంగ తల్లిదండ్రులలో పెరిగింది. అయితే బిడ్డ ఏ భాషలో చదివినా, ఆలోచించడం నేర్చేది మొదట ఇంటి భాషలోనే. వర్షం ఎట్లా పడుతుందో తల్లికి తెలుగులో వివరించగలిగిన బిడ్డకు ఆంగ్లంలో కొన్ని మాటలు మాత్రమే కొత్తగా నేర్వవలసి ఉంటుంది. విషయమే తెలియని బిడ్డ ఆంగ్ల వాక్యాన్ని చిలుకపలుకుగా అప్పగించగలదేమో కాని అంతకు మించి పోలేదు. ‘ఒస్తున్న’, ‘పోయిండు’ అన్న బిడ్డను ‘అట్లా మాట్లాడరాదు’ అని వెక్కిరించే చదువుకున్న బంధువులు కొందరుంటారు. వారికంటె అక్షరం రాని నాయనమ్మ మేలు. ఆమె శాత్రాలు చెబుతుంది, పొడుపు కథలు విప్పమంటుంది, కథ నడుమ ఆపి ‘తరువాత ఏమైతదో చెప్పు’ అంటుంది.

ఆటలలో ఉన్న చదువును గుర్తించడానికి ఎక్కువ దూరం పోనక్కరలేదు. ఓనగుంటల పీటలో ఏడేసి గుంటలు రెండు వరుసలుగా ఉంటాయి. చింతగింజలు ఒక్కొక్కటిగా పంచుతూ పోయేటప్పుడు చేతిలోనివి ఏ గుంట వద్ద ముగుస్తాయో ముందుగా ఊహించే పిల్ల మనసులో కూడిక, భాగహారం రెండూ జరుగుతుంటాయి. అచ్చనగండ్లాటలో లెక్క తప్పరాదు, రాయి కిందపడరాదు, వంతు దాటరాదు. మహాలయ అమావాస్య నుండి తొమ్మిది రోజులు సాగే బతుకమ్మ వేళ తంగేడు, గునుగు, బంతి పూలను వేరు చేసి, కాడలు సమంగా కత్తిరించి, రంగు తరువాత రంగుగా వలయాలు పేర్చే పనిలో చిన్నపిల్లల చేతులను కూడా కలపాలి. వరుస, కొలత, ఓర్పు మూడూ ఆ తాంబాళంలోనే ఉన్నాయి. పల్లవి మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ పాటలు నాలుగేళ్ళ పిల్లల నోటికి రావడానికి ఎవరూ బలవంతపెట్టరు.

చదువుకోవడానికి పుస్తకమే కావాలన్న నియమం లేదు. ఆర్టీసీ బస్సు బోర్డు, కిరాణా దుకాణం పేరు, గోడ మీది క్యాలెండరు, పెండ్లి పత్రిక అన్నీ పాఠాలే. నిమ్మకాయలు అమ్ముకొని వచ్చిన తండ్రి జేబులో తక్‌పట్టీ ఉంటుంది. అందులో బస్తాల లెక్క, ధర, కమీషను, చేతికి వచ్చిన సొమ్ము రాసి ఉంటాయి. మూడవ తరగతి బిడ్డ దానిని చదివి తండ్రికి వినిపిస్తే ఆ ఇంట్లో చదువుకు ఒక ప్రయోజనం ఆ క్షణానే కనిపిస్తుంది. తండ్రికి కూడా తన లెక్క తాను సరిచూసుకొనే అవకాశం కలుగుతుంది. అట్లా సరిచూసుకొనే వీలు లేక ఎన్ని తరాలు ఎంత నష్టపోయాయో చెప్పడానికి లెక్కలు లేవు.

ఇంట్లో చదువు నిలబడితే బయటి అడ్డంకులు దానిని పూర్తిగా అణచలేవని ఈ జిల్లా చరిత్రే చెబుతుంది. నిజాం పాలనలో బడిలో బోధన ఉర్దూలో సాగేది. ఊళ్ళలో సొంతంగా నడుపుకొనే ఖాన్గీ బడులకు కూడా 1920లలో ప్రభుత్వ అనుమతి నిబంధనలు అడ్డు నిలిచాయి. ఆ కాలంలో తెలుగు చదవడం చాలామందికి ఇంటి అరుగుల మీద, గ్రంథాలయాలలో అలవడిన విద్య. 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం వెలసింది. 1922లో ఆ ఊరి నుండే షబ్నవీసు వెంకట రామనరసింహారావు ‘నీలగిరి’ పత్రికను వెలువరించాడు. ఒకరు పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినడం నాటి గ్రంథాలయోద్యమం పెంచిన ఆచారం. నేటి ఇంట్లో ఆ ఆచారాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అయిదారు బొమ్మల పుస్తకాలు చాలు. చదవడం రాని తల్లి కూడా పుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని, బొమ్మ మీద వేలు పెట్టి, ‘ఈమె ఎందుకు ఏడుస్తున్నది?’ అని అడగవచ్చు.

బహుమానం, దండన అనే రెండు సాధనాలను గురించి పెద్దలకు గట్టి నమ్మకాలు ఉన్నాయి. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న మూడు నుండి అయిదేళ్ళ పిల్లలను తీసుకున్నారు. కొందరికి, గీస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్ని రోజుల తరువాత చూస్తే ఆ పిల్లలు మిగిలినవారికంటె తక్కువసేపు బొమ్మలు గీస్తున్నారు. ఇష్టంతో చేసే పని కూలికి చేసే పనిగా మారిపోయింది. చదివితే చాక్లెట్ ఇస్తానని రోజూ ఆశపెట్టే తల్లి ఈ ప్రయోగాన్ని తన ఇంట్లో తెలియకుండానే మళ్ళీ చేస్తున్నది. మెచ్చుకోవడంలో కూడా తేడా ఉంది. 1998లో మ్యూలర్, డ్వెక్ ప్రచురించిన పరిశోధనలో ‘నీవు తెలివిగలదానివి’ అనిపించుకున్న పిల్లలు తరువాత కష్టమైన లెక్కలకు వెనుకాడారు. ‘బాగా కష్టపడ్డావు’ అనిపించుకున్నవారు వాటికి సిద్ధపడ్డారు. తెలివి ఉన్నదన్న పేరు పోతుందేమోనన్న భయం మొదటివారికి కలిగింది.

దండనకు వస్తే, ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను చాలామంది కొట్టడానికి అనుమతిపత్రంగా వాడుకుంటారు. సామెత చెప్పినది వంచడాన్ని గురించి. విరవడాన్ని గురించి కాదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ నిబంధన బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. బడిలో నేరమైనది ఇంట్లో ప్రేమ ఎట్లా అవుతుందో ఆలోచించవలసినది తల్లిదండ్రులే.

సెల్‌ఫోను ముచ్చట లేకుండా నేడు ఏ ఇంటి ముచ్చటా ముగియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలు కూర్చొని తెర చూసే సమయం రోజుకు గంట మించరాదు. తగ్గితే ఇంకా మంచిది. మూడు, నాలుగేళ్ళవారికి 10 నుండి 13 గంటల నిద్ర కావాలి. అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చిన తల్లిని నిందించడం సులభం. పొద్దంతా ఎండలో పనిచేసి వచ్చిన ఆమెకు ఆ పది నిమిషాల విశ్రాంతి ఇచ్చేవారు ఇంట్లో మరొకరు ఉన్నారా అన్నది అసలు ప్రశ్న. తండ్రి ఆ సమయంలో బిడ్డను ఎత్తుకొని వాకిట్లోకి తీసుకుపోతే ఫోను తానే పక్కకు జరుగుతుంది. ఆయన చేతిలోనే ఫోను ఉంటే మాత్రం ఏమీ చెప్పలేము.

ఇంత చేసినా కొందరు పిల్లలు చదవడానికి తడబడతారు. వెంటనే మొండితనమని ముద్ర వేయరాదు. పుస్తకాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకొనే బిడ్డకు చూపు లోపం ఉండవచ్చు. పిలిస్తే పలకని బిడ్డకు వినికిడి తక్కువ ఉండవచ్చు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలను పరీక్షించే ఏర్పాటు ఉంది. ఆ బృందం వచ్చే రోజు బిడ్డను బడి మాన్పించరాదు. తొలి రోజులలో అక్షరాలను తిరగవేసి రాయడం చాలామంది పిల్లలలో కనిపించేదే. ఏడెనిమిదేళ్ళు దాటినా అది పోకపోతే, చదవడం కూడా కష్టమవుతుంటే అప్పుడు వైద్యుని సలహా తీసుకోవాలి. అంతవరకు ‘ట’ను ‘ఓ’తో పొరబడిన బిడ్డను చూసి ఇంటిల్లిపాదీ నవ్వడం తగదు.

మూడవ తరగతి నడిమికి వచ్చేసరికి చాలామంది పిల్లలలో ఒక మార్పు కనిపిస్తుంది. ఎసరు పెట్టిన తల్లి ఇంకా పిలవకముందే బిడ్డ చాప దులిపి పరచుకుంటుంది. రేకు పెట్టె తెరచిన చప్పుడు వినిపిస్తుంది. తల్లి వెళ్ళి పక్కన కూర్చోబోతే ‘నేను చదువుకుంట, నువ్వు వండుపో’ అంటుంది. ఆ మాటకు తల్లి మనసు కొంచెం చివుక్కుమంటుంది కూడా. ఆమె చేయవలసినదల్లా పొయ్యి దగ్గరికి తిరిగిపోవడం. అన్నం తినేటప్పుడు మాత్రం మునుపటివలెనే అడగవచ్చు, ఈ రోజు ఏం చెప్పిన్రు అని.